డ్యామ్నేషన్‌తో మొదలుపెట్టమనే పెద్దమనుషులకు

ఓపెత్ బ్యాండ్ వినాలనుంది, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు అని కొత్తవాడెవడైనా అడిగాడో లేదో, పదిమంది పెద్దమనుషులు ఒక్క గొంతుతో ‘డ్యామ్నేషన్’ అంటారు. ఎందుకయ్యా అంటే, అందులో అరుపులుండవట. మెత్తగా, హాయిగా ఉంటుందట. ముందు దానికి చెవి అలవాటు పడితే మిగతావి నెమ్మదిగా ఎక్కుతాయట. ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ల మొహాల్లో ఒక జాలి కనిపిస్తుంది. అదిగో, ఆ జాలి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

అడిగినవాడు పసివాడు కాదు. జీతం తెచ్చుకుంటున్నాడు, ట్రాఫిక్‌లో బండి నడుపుతున్నాడు, పెళ్లి ఊరేగింపు డీజేని చెవులు మూసుకోకుండా తట్టుకుంటున్నాడు. అలాంటివాడు స్వీడన్ నుంచి వచ్చిన ఒక గర్జన వింటే కందిపోతాడా? పైగా, మనం నెత్తిన పెట్టుకుని తిరుగుతున్న బ్యాండ్‌ని పరిచయం చేస్తూ దాని సగం ముఖానికి ముసుగు వేయడమేమిటి? పెళ్లిచూపుల్లో దాచిపెట్టాల్సిన లోపమా అది?

తెలియనివారికి రెండు ముక్కలు. ఓపెత్ స్టాక్‌హోమ్‌కు చెందిన మెటల్ బ్యాండ్. మొదటి ఆల్బమ్ ‘ఆర్కిడ్’ 1995లో వచ్చింది, పద్నాలుగోది 2024లో. ఆ మొదటి ఆల్బమ్ నుంచీ పాడుతున్నదీ, గిటార్ వాయిస్తున్నదీ, పాటల్లో చాలావాటిని కట్టిందీ మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్. ఈయనకు రెండు గొంతులున్నాయి. ఒకటి మెటల్ వాళ్లు గ్రోల్ అనేది: మాట స్పష్టంగా తెలియనివ్వకుండా అడుగునుంచి లేచే గర్జన. రెండోది నున్నటి, కాస్త దిగులు పట్టిన మామూలు గొంతు. పది నిమిషాల పాటలో ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, ఏది ఎప్పుడు దేని చోటు లాక్కుంటుంది అన్నదే 1995 నుంచి 2008 దాకా ఈ బ్యాండ్ చేసిన పని. ఆ లాగులాట తీసేస్తే మిగిలేది మంచి సంగీతమే. దాన్ని విని ఓపెత్ విన్నాననుకోవడమే పొరపాటు.

సరే, ఆ డ్యామ్నేషన్ సంగతే చూద్దాం. 2002లో ఓపెత్ ఒకే విడతలో రెండు ఆల్బమ్‌లు రికార్డు చేసింది. ‘డెలివరెన్స్’ వాళ్ల బరువైన ఆల్బమ్‌లలో ఒకటి. ‘డ్యామ్నేషన్’లో గర్జన మచ్చుకైనా లేదు. స్టూడియోలో పక్కన కూర్చున్నది పోర్క్యుపైన్ ట్రీ బ్యాండ్ నాయకుడు స్టీవెన్ విల్సన్. మెలోట్రాన్ అనే పాతకాలం కీబోర్డ్ వాయించిందీ ఆయనే. ఈ రెండు ఆల్బమ్‌లూ కవల పిల్లలు. ఒకదానికొకటి జవాబుగా పుట్టాయి. బజారులోకి మాత్రం ఐదు నెలల తేడాతో వచ్చాయి: ఒకటి 2002 నవంబర్‌లో, ఇంకొకటి 2003 ఏప్రిల్‌లో. డ్యామ్నేషన్ నిశ్శబ్దానికి ఆ బరువు ఎక్కణ్నుంచి వచ్చింది? ‘విండోపేన్’ పాటలో ఆ గొంతు ఎందుకంత అలసిపోయినట్టు వినిపిస్తుంది? పక్క గదిలో ‘డెలివరెన్స్’ రగులుతోంది కాబట్టి. ఆ మంట సంగతి తెలియనివాడికి ఇది వర్షం పడుతుంటే కాఫీ తాగుతూ వినే పాటల సంచి. అంతే. ఇంత గొప్ప ఆల్బమ్‌ని మెట్టుగా వాడుకోమని చెప్పేవాళ్లు నిజానికి దాన్నే ఎక్కువ అవమానిస్తున్నారు.

ఈ సలహా పనిచేస్తుందా అంటే, అదీ లేదు. మా ఆఫీసులో ఒక కుర్రాడికి ఎవరో ఇదే మందు పోశారు. డ్యామ్నేషన్ విన్నాడు, మురిసిపోయాడు, నెలరోజులు అదే లోకం. తర్వాత అదే ఊపులో డెలివరెన్స్ పెట్టుకున్నాడు. మొదటి పాట ‘రీత్’ మొదలైన కొన్ని క్షణాలకే గర్జన ముఖం మీద పడుతుంది. ఉపోద్ఘాతం లేదు, పలకరింపు లేదు. మర్నాడు నా దగ్గరికొచ్చి, “మోసం చేశారు సార్” అన్నాడు. తప్పు ఓపెత్‌ది కాదు. వాడికి ఒక ఇల్లు చూపించి, ఇంకో ఇంటి తాళంచెవి ఇచ్చారు. వాడు మళ్లీ ఆ వైపు రాలేదు. మెత్తగా మొదలుపెడితే అలవాటవుతుందంటారే, మెత్తదనం మెత్తదనానికే అలవాటు చేస్తుంది. డ్యామ్నేషన్ నచ్చినవాడు అలాంటిదే ఇంకొకటి ఇమ్మంటాడు. న్యాయమైన కోరికే. ఆ రోజుల్లో ఓపెత్ దగ్గర అలాంటిది ఇంకొకటి లేదు.

అసలు గర్జనంటే అంత అంటరానిదా మనకు? 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ని పిల్లలకు చూపిస్తూ, హిరణ్యకశిపుడిగా ఎస్వీ రంగారావు గర్జించినప్పుడల్లా వాల్యూమ్ తగ్గిస్తామా? “బాబూ, ముందు ప్రహ్లాదుడి పాటలు చూడు, పెద్దయ్యాక రాజుగారిని చూద్దువుగాని” అంటామా? ఆ గర్జన లేకపోతే ఆ పసివాడి పాటకు తెగువ ఎక్కడిది? ఎవరూ నేర్పకుండానే మనకు తెలిసిన విషయమిది. గిటార్, దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ తగలగానే మర్చిపోతాం.

నా మాట అడిగితే, ‘స్టిల్ లైఫ్’. 1999లో వచ్చింది, ఏడు పాటలు, గంటకు పైన రెండు నిమిషాలు. మొదటిసారి వినేవాడికి ఇంతకంటే నిజాయితీగా ఉండే ఓపెత్ ఆల్బమ్ లేదు. ఎందుకంటే ఇందులో రెండు గొంతులు ఎందుకున్నాయో కథే చెప్తుంది.

మత విశ్వాసం లేదని ఊరినుంచి వెలివేసిన ఒక మనిషి పదిహేనేళ్ల తర్వాత తిరిగొస్తాడు. మెలిండా కోసం. తనతో తీసుకెళ్లిపోదామని. ఆమె ఇప్పుడు మతానికి కట్టుబడిపోయి ఉంది. ఊరిపెద్దలు కనిపెడుతూనే ఉంటారు. కథ ఇంతే, కొత్తదేమీ కాదు. కొంచెం నాటకీయంగా ఉంటుందని కూడా ఒప్పుకుంటాను. కానీ చెప్పిన తీరు చూడండి. మొదటి పాట ‘ద మూర్’ పదకొండు నిమిషాల పైచిలుకు. రెండు నిమిషాలు దాటేదాకా మనిషి గొంతే వినిపించదు. గిటార్లు దూరంనుంచి నడిచొస్తున్నట్టు వస్తాయి, ఆ తర్వాత ఒక్కసారిగా రిఫ్ (గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగే వరస) పడుతుంది, దానిమీద గర్జన. వెలివేసిన ఊరి పొలిమేరలో నిలబడ్డ మనిషి ఇంకెలా మాట్లాడతాడు? పదిహేనేళ్ల కసి అది. మొదటి పాటలోనే మీకు అర్థమైపోతుంది, ఇది అలంకారం కాదని.

మూడో పాట ‘బినైటెడ్’లో గర్జన లేనే లేదు. గిటార్, ఆ మామూలు గొంతు. రహస్యంగా రమ్మని పిలుపు. మెత్తటిది కావాలన్నవాడికి ఇదిగో ఇక్కడే ఉంది, అదీ దాని చోట్లో.

ఇక ఐదో పాట. ‘ఫేస్ ఆఫ్ మెలిండా’. ఈ ఎనిమిది నిమిషాల కోసం ఆల్బమ్ మొత్తం వినొచ్చు. మార్టిన్ లోపెజ్ కర్రలు పక్కన పడేసి బ్రష్‌లతో డ్రమ్స్ నిమురుతుంటాడు, జాజ్ వాళ్లలా. కింద మార్టిన్ మెండెస్ బాస్ గిటార్ నడక ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వినిపిస్తుంది. కథలో అతనూ మెలిండా కలిశారు. సగం గడిచాక డిస్టార్షన్ లేస్తుంది, పాట బరువెక్కుతుంది, కొత్తగా వింటున్నవాడు ఇక గర్జన వస్తుందని భుజాలు బిగించుకుంటాడు. రాదు. ఆమె ఎదురుగా ఉన్నంతసేపూ అతను ఆ గొంతు తీయడు. బరువంతా గిటార్లే మోస్తాయి, మనిషి పాడుతూనే ఉంటాడు. తర్వాతి పాట ‘సెరెనిటీ పెయింటెడ్ డెత్’లో ఆమె గొంతు కోస్తారు. రిఫ్ తలుపు విరగ్గొట్టుకుని లోపలికొస్తుంది, గర్జన మళ్లీ లేస్తుంది, అతను కత్తి పడతాడు. ఏడో పాటలో ఉరికంబం.

ఇప్పుడు చెప్పండి, ‘అరుపులు లేని ఓపెత్’ అనేవాడు ఈ ఐదో పాటకూ ఆరో పాటకూ మధ్య ఉన్న గీతని ఎలా వింటాడు? ఆరో పాటలో గర్జన మొదలైన క్షణాన, ఐదో పాటలో అది ఎందుకు రాలేదో తెలుస్తుంది. ఇది చెవికి అలవాటయ్యే వ్యవహారం కాదు, ఒక్కసారి తగిలితే చాలు. మొదటి వినికిడిలోనే తగులుతుంది, పాటల సాహిత్యం చేతిలో పెట్టుకుని వింటే మరీనూ. (గ్రోల్‌లో మాటలు అర్థం కావు అని గొణిగేవాళ్లకు: పక్క వీధి గుళ్లో మైకులో వచ్చే స్తోత్రంలో ఎన్ని మాటలు అర్థమవుతున్నాయో ఒకసారి గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.)

కొందరు ‘బ్లాక్‌వాటర్ పార్క్’ అంటారు. 2001 నాటిది, విల్సన్ వీళ్లతో మొదటిసారి కలిసి పనిచేసినది. వీళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. రెండు గొంతులూ ఉన్నాయి, మొదటి పాట ‘ద లెపర్ అఫినిటీ’ పది నిమిషాలు దుమ్ము లేపి చివర ఒంటరి పియానో మీద వచ్చి ఆగుతుంది, దాచిందేమీ లేదు. నా చిరాకల్లా దానికి తగిలించిన కిరీటం మీద. ప్రతి జాబితాలో మొదటి పేరు కావడంతో, అది వినడం ఓపెత్ పరీక్ష పాసవడం లాంటిదైపోయింది. భయభక్తులతో వింటారు, నచ్చకపోయినా నచ్చిందంటారు. దానితోనే మొదలుపెట్టి ఉంటే కంగారేం లేదు, నష్టపోలేదు.

ఇంకొకరకం వాళ్లున్నారు, వరసగా వినాలనే చాదస్తులు. ‘ఆర్కిడ్’తో మొదలుపెట్టి తేదీల ప్రకారం రమ్మంటారు. ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు తమకు నచ్చిన రిఫ్‌లన్నీ ఒకదాని తోకకి ఒకటి ముడేసిన ఆల్బమ్ అది. రెండోది ‘మార్నింగ్‌రైజ్’: ఐదు పాటలు, అందులో ఒకటి ఏకంగా ఇరవై నిమిషాలు. నాకు రెండూ ఇష్టమే. కానీ కొత్తవాడికి ఇవి చేతికివ్వడం ఆదిలోనే హంసపాదు. మహానటుడి పరిచయం ఆయన బడి నాటకంతో చేస్తారా ఎవరైనా?

ప్లేలిస్టుల గురించి మాట్లాడి కాగితం పాడుచేసుకోను. ‘ఫేస్ ఆఫ్ మెలిండా’ తర్వాత ఏ యాప్ అయినా ఇంకెవరిదో ప్రేమపాట తగిలిస్తే, పైన చెప్పిందంతా గంగలో కలిసినట్టే.

ఇంతకీ డ్యామ్నేషన్ పెద్దమనుషుల మీద నాకింత కోపం ఎందుకంటే, చరిత్ర వాళ్ల పక్షాన నిలబడే అవకాశం ఒకసారి దొరికింది. 2011లో ‘హెరిటేజ్’ వచ్చింది. ఓకెర్‌ఫెల్ట్ గ్రోల్ మానేశాడు. అక్కణ్నుంచి 2019లో స్వీడిష్, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ విడుదలైన ‘ఇన్ కౌడా వెనేనమ్’ దాకా వరసగా నాలుగు ఆల్బమ్‌లు, డెబ్బైల నాటి రాక్ వాసన, గర్జన ఊసే లేదు. అరుపుల్లేని ఓపెత్ కావాలన్న మహానుభావులారా, ఇదిగో నాలుగు! ఇవి వినమని కొత్తవాళ్లకు చెప్పారా? లేదు. అప్పుడూ డ్యామ్నేషనే చెప్పారు. ఎందుకో తెలుసా? డ్యామ్నేషన్‌కి ఆ శక్తి గర్జన నీడనుంచే వచ్చిందని లోపల్లోపల వాళ్లకూ తెలుసు. తెలిసే దాచారు.

2024 చివర్లో ‘ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలం, ఒక సంపన్న కుటుంబం, చనిపోయిన పెద్దాయన వీలునామా చదువుతున్నారు, వారసులు కూర్చుని వింటున్నారు, పేరా పేరాకీ ఒక రహస్యం బయటపడుతోంది. జెత్రో టల్ బ్యాండ్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ మాటలు చెప్పాడు, ఫ్లూట్ ఊదాడు. గర్జన తిరిగొచ్చింది. కొత్త ఆల్బమ్‌లలో గ్రోల్ విని పదహారేళ్లయిన పాత అభిమానులు ఎగిరి గంతేశారు. సమాధిలోంచి శాసించే ముసలాయన కథలో ఆ గొంతుకు పని పడింది, అందుకే వచ్చింది. స్టిల్ లైఫ్ విన్నవాడికి ఇది వెంటనే పట్టుబడుతుంది. గర్జనని అలవాటు చేసుకోవాల్సిన చేదుమాత్రగా నేర్చుకున్నవాడు, మళ్లీ మొదలెట్టాడురా బాబూ అని నిట్టూరుస్తాడు.

“కొత్తవాడు పారిపోతే?” అని అడుగుతారు. పోనివ్వండి. ‘ద మూర్’ పూర్తిగా విని, నాకిది పడదు అన్నవాడు ఓపెత్‌ని చూసి, తేల్చుకుని వెళ్లాడు. వాడి నిర్ణయం వాడిది, ఆ మర్యాద వాడికివ్వండి. మనకు నచ్చిన ప్రతిదీ లోకమంతటికీ మింగించాలనే ఆత్రమే ఈ తేనెపూత సలహాలకు మూలం.

పారిపోనివాడికి మాత్రం రెండోసారి కూడా స్టిల్ లైఫ్ వినమనండి, ఈసారి సాహిత్యం పక్కన పెట్టి, బాస్ గిటార్‌ని పట్టుకుని. తర్వాత బ్లాక్‌వాటర్ పార్క్. ఆ తర్వాత డెలివరెన్స్, అది ముగిసిన రాత్రే డ్యామ్నేషన్. మధ్యలో ఐదు నెలల విరామం అక్కర్లేదు.