బడి డ్రమ్ము బడిలోనే ఉండిపోతుంది

ఆగస్టు వచ్చిందంటే పొన్నూరులాంటి ఊళ్లలో బడుల దగ్గర డ్రమ్ముల చప్పుడు మొదలవుతుంది. రెండు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత తాళాలు. కాస్త ఉన్న బడైతే బ్యూగులో ఫ్లూటో కూడా. డ్రిల్లు మాస్టారి ఈలకి అడుగూ దెబ్బా కలిసి పడాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలే ఎక్కువ. పదోవాళ్లకి స్టడీ అవర్లు ఉంటాయి కదా! ఆ గుంపులో ఒకడికి మాత్రం చెయ్యి బాగా తిరుగుతుంది. మాస్టారు సగం చెప్పేసరికే అందుకుంటాడు. ఆ తర్వాత వాడి చేతికి బల్లయినా, టిఫిను డబ్బా అయినా ఒకటే. పంద్రాగస్టు నాడు గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు 'ఆ పెద్ద డ్రమ్ము కొట్టేది ఎవరబ్బాయి?' అని అడుగుతారు. రెండేళ్లపాటు బడికంతటికీ వాడే హీరో.

మరి ఆ తర్వాత?

డ్రమ్ము బడిది. పదో తరగతి అయిపోయాక టీసీ పిల్లవాడి చేతికొస్తుంది, డ్రమ్ము బీరువా పైకెక్కుతుంది. జూన్‌లో వాడు ట్రంకు పెట్టెతో గుంటూరుకో విజయవాడకో హాస్టలుకి బయల్దేరతాడు. అక్కడ పొద్దున్నే లేచింది మొదలు రాత్రి లైట్లు ఆర్పేదాకా ఎంపీసీనో బైపీసీనో. వేళ్లతో బల్ల మీద దరువేస్తే వార్డెను కేకలేస్తాడు. అమ్మానాన్నల్ని అనడానికి లేదు. ఎకరమో రెండెకరాలో ఉన్న ఇంట్లో, ఏటా లక్షకు తక్కువ కాకుండా ఫీజు కట్టేవాళ్లు వాయిద్యం సంగతి ఏం ఆలోచిస్తారు?

విచిత్రం ఏమిటంటే, ఇదే సీమలో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టడానికే వీల్లేదు. ఒంగోలు దగ్గరి కరవది 1970లో కొత్త జిల్లా ఏర్పడకముందు గుంటూరు జిల్లాలోదే. 1924లో ఆ ఊళ్లో పుట్టిన షేక్ చినమౌలానా మొదట తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. 1960లలో శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' ఆయన్ని వరించాయి. 1982లో ఆయన శ్రీరంగంలో పెట్టిన నాదస్వర పాఠశాల ఎందరినో తయారుచేసింది. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆయన శిష్యులే. అలాంటి ఇళ్లలో నేర్పేదీ ఇల్లే, పని చూపించేదీ ఇల్లే. గుడి ఉత్సవం, పెళ్లి పందిరి ఎప్పుడూ ఉండేవి. 'చదువయ్యాక ఏం చేస్తావు?' అని ఎవరూ అడిగేవారు కాదు.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకునేది కాదన్నదీ నిజమే. సన్నాయి, డోలు కొన్ని కులాల, కొన్ని కుటుంబాల సొత్తు. బయటి పిల్లవాడు పట్టుకుంటే వింతగా చూసేవారు. బడి బ్యాండు ఆ గీత చెరిపేసింది. ఎవరి బిడ్డయినా, ఆడపిల్లయినా, డ్రమ్ము మెడలో వేసుకోవచ్చు. కాకపోతే ఆ ఇళ్లలో పదేళ్లు నేర్పేవారు. బడిలో నేర్పేది పదిహేను రోజులు.

వాయించడం మానలేని కుర్రాళ్లకి ఊళ్లో కనిపించే మొదటి దారి పెళ్లి బ్యాండు. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ముందు వరసలో క్లారినెట్, ట్రంపెట్, వెనక డ్రమ్ములు. శ్రావణం, మాఘం, వైశాఖం వస్తే ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పొయ్యి వెలగడమే కష్టం. మూఢమొస్తే ఇక చెప్పక్కర్లేదు. పైగా ఊరేగింపుల్లోకి డీజే బండి వచ్చాక పదిహేను మంది చేసే పనిని రెండు పెద్ద స్పీకర్లు చేసేస్తున్నాయి. బ్యాండు వాళ్లలో చాలామంది మిగతా రోజుల్లో ఆటో నడుపుతారు, పెయింటింగ్ పనులకెళతారు. వాళ్లే తమ పిల్లల్ని 'ఇందులోకి రావద్దు' అంటున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

రెండో దారి చర్చి. డెల్టా పల్లెల్లో ఆదివారం పూట కీబోర్డు, డ్రమ్ములు లేని చర్చి తక్కువే. బడిలో డ్రమ్ము కొట్టిన కుర్రాడు హాస్టలు నుంచి సెలవుకి వచ్చినప్పుడు మళ్లీ వాయిద్యం ముట్టుకునేది అక్కడే. రామమందిరాల్లో భజన బృందాలదీ ఇదే పాత్ర. వీటితో జీతం రాదు. చెయ్యి మాత్రం మొద్దుబారకుండా ఉంటుంది. ఈ లెక్క ఎక్కడా రాసి ఉండదు గానీ, మన ఊళ్లలో సంగీతాన్ని ఎక్కువ కాలం బతికిస్తున్నది బహుశా ఈ రెండు చోట్లే.

ఇక చాలా ఇళ్లకి తెలియని దారి ఒకటుంది. సైన్యం, నౌకాదళం, వైమానికదళం, పోలీసు... వీటన్నిటికీ సొంత బ్యాండ్లున్నాయి. ఏటా జనవరి 29న ఢిల్లీలో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో టీవీలో కనిపించేది వాళ్లే. సైనిక బ్యాండు వాళ్లకి శిక్షణనిచ్చే సంగీత విభాగం 1950 నుంచి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. 2022లో అగ్నిపథ్ వచ్చాక నౌకాదళం, వైమానికదళం సంగీతకారుల్ని అగ్నివీరులుగానే తీసుకుంటున్నాయి. వైమానికదళం 2024లో పెట్టిన ఎంపికల్లో అమ్మాయిలకీ అవకాశమిచ్చింది. అడిగిన చదువు పదో తరగతే. అయితే ఉద్యోగం నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి పాతికమంది వరకే కొనసాగుతారు, మిగతావాళ్లు సుమారు పది లక్షల రూపాయల సేవానిధితో ఇంటికొస్తారు. ఇది తెలుసుకునే వెళ్లాలి.

మన పిల్లలు తప్పిపోయేది వేరేచోట. అక్కడ అడిగేది దరువు ఒక్కటే కాదు. ఒక వాయిద్యాన్ని శ్రుతి చేసుకోగలగాలి. వినిపించిన స్వరాన్ని పట్టుకోగలగాలి. రాసిన స్వరం చూసి వాయించగలగాలి. అది పాశ్చాత్య పద్ధతిలోనే ఉండాలనేం లేదు, మన కర్ణాటక స్వరాలైనా సరే. బడి బ్యాండులో మాత్రం మాస్టారు నోటితో చెబుతారు, పిల్లలు విని కొడతారు. కాగితం మీద స్వరం అన్నది వాళ్లు చూసే ఉండరు. మూడేళ్లు వాయించిన పిల్లవాడికి కూడా స,రి,గ,మ రాకుండా పంపించడం అంటే, లెక్కలు నోటితో చెప్పి అంకెలు నేర్పకపోవడమే. బడి డబ్బు పెట్టి డ్రమ్ములు కొంటుంది, వారానికి ఒక పీరియడు మాత్రం కేటాయించదు.

అది నేర్పే చోట్లు లేకపోలేదు. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. నాదస్వరం, డోలు నేర్చుకుంటే దేవస్థానాల్లో ఉద్యోగాలకి పనికొస్తుంది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. గుడివాడ దగ్గరి పల్లెలో పుట్టిన ఘంటసాల వేలి ఉంగరం అమ్ముకుని అక్కడికే వెళ్లారు, వారాలు చేసుకుంటూ చదువుకున్నారు. ఇప్పటి తల్లిదండ్రులెవరూ పిల్లవాణ్ణి అలా పంపరు, పంపాలని ఎవరూ అనరు కూడా.

అమెరికాలో స్థిరపడ్డ మన చుట్టాల పిల్లల్ని అడిగి చూడండి. అక్కడి హైస్కూళ్లలో బ్యాండు ఒక సబ్జెక్టు, దానికి మార్కులుంటాయి. అలాగని వాళ్లంతా సంగీతకారులవుతున్నారా? కారు. ఎక్కువమంది అక్కడా క్లారినెట్ పెట్టెలో పెట్టేసేవాళ్లే. తేడా ఏమిటంటే, మానకూడదనుకున్నవాళ్లకి కాలేజీలో చోటుంటుంది. ఇంజనీరింగ్‌కి పేరున్న పర్డ్యూ విశ్వవిద్యాలయం బ్యాండు 1886లో ఐదుగురితో మొదలైంది. అందులో వాయించేవాళ్లలో కాబోయే ఇంజనీర్లు బోలెడంతమంది. సంగీతం చదువుకి అడ్డని అక్కడెవరూ అనుకోలేదు. మన ఇంటర్ కాలేజీలో ఒక గది, వారానికి రెండు గంటలు చాలు. అదీ లేదు.

కాలేజీ మారేదాకా ఆగే తీరిక పిల్లలకుండదు. సైనిక బ్యాండ్లకి వయసు సుమారు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నవాడికి మూడేళ్ల పైచిలుకు సమయముంది. చదువు పక్కన పెట్టకుండా ఒక వాయిద్యం పట్టుబడడానికి అది చాలు. గురువు కోసం దూరం వెతకనక్కర్లేదు. ఊళ్లో పెళ్లి బ్యాండు ముందు వరసలో క్లారినెట్ వాయించే పెద్దాయన ఉంటారు. ఊపిరి ఎలా పట్టాలో, పెదవి ఎక్కడ ఆనాలో ఆయనకి తెలుసు. ఆషాఢంలో అడిగితే ఖాళీగా కూడా ఉంటారు.