అమెరికా రైతు షెడ్డులో తూటాల బల్ల: అడిగినోళ్లకి నా జవాబు

పోయినవారం నేను పెట్టిన ఫోటో చూసి ఫోన్లు ఆగలేదు. మన ఊరి పిల్లోడొకడైతే, "పెదనాన్నా, ఆ మందు ఎంత పోస్తారో చెప్పు, మనమూ చేసుకుందాం, పందుల పీడ వదుల్తుంది" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. రెండెకరాల మొక్కజొన్న ఒక్క రాత్రిలో దున్నేసినట్టు చేశాయి. అయినా నేను చెప్పను. ఎందుకు చెప్పనో కాస్త ఓపిగ్గా చదవండి.

టెక్సాస్‌లో అమ్మాయి దగ్గర నాలుగు నెలలున్నా కదా. అల్లుడికి తెలిసిన ఒక ముసలి రైతు ఉన్నాడు, ఆవులు మేపుతాడు. ఆయనకీ అడవిపందుల గోలే. అక్కడ సొంత భూమిలో పందిని కొట్టడానికి చట్టం అడ్డు రాదు. ఆయన దగ్గర రెండు తుపాకులు. నడుముకి రివాల్వరు, ట్రాక్టరులో రైఫిలు. రైఫిలుకి కింద ఒక పిడి ఉంటుంది, దాన్ని కిందికి లాగి పైకి కొడితే తూటా మారుతుంది. రెండిట్లోకీ తూటా ఒకటే, .44 మాగ్నమ్. జేబులో ఒక్కరకం తూటాలుంటే చాలు.

ఈ ఆలోచన పాతదే. 1873లో వించెస్టర్ రైఫిలు .44-40 తూటాతో వచ్చింది, కొన్నేళ్లకే కోల్ట్ వాళ్లు అదే తూటాకి రివాల్వరు చేశారు. గుర్రం మీద ఊళ్లు దాటే మనిషికి అది ఎంత సుఖమో రైతుకి చెప్పక్కర్లేదు. రెండు మోటార్లకి ఒకే బోల్టు సరిపోయినట్టు.

కానీ అసలు తిరకాసు కూడా అక్కడే ఉంది. రైఫిలు గట్టిది, ఎక్కువ బలం తట్టుకుంటుంది. రివాల్వరు అంత తట్టుకోదు. తూటాకి మాత్రం తాను ఎందులోకి పోతోందో తెలియదు, రెండిట్లోనూ చక్కగా పడుతుంది. అందుకే ఆ రోజుల్లో కంపెనీలు కొత్త రైఫిలు కోసం బలమైన .44-40 తూటాలు అమ్మినప్పుడు, వీటిని పిస్టల్లో వాడొద్దని డబ్బా మీదే రాసేవి. కంపెనీ అయితే డబ్బా మీద రాస్తుంది. ఇంట్లో చేసుకున్న తూటా మీద ఎవరు రాస్తారు?

ఆ ముసలాయన షెడ్డులో ఒక బల్ల ఉంది. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, తుడిచి, కొత్త టోపీ, మందు, సీసం పెట్టి మళ్లీ తూటా చేస్తాడు. నేను రెండు గంటలు పక్కన కూచున్నా. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, రేడియో కూడా కట్టేశాడు. త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూపిస్తుంది, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు! మందు పోసిన గొట్టాలన్నీ వరసగా పెట్టి, టార్చి వేసి ఒక్కోదాంట్లోకి తొంగిచూశాడు. ఎందుకని అడిగితే అల్లుడు తెలుగులో చెప్పాడు: కొన్ని మందులు గొట్టంలో సగం కూడా నిండవంట, పొరపాటున రెండోసారి పోసినా లోపల పట్టేస్తుందంట. అలాంటిది పేలితే రివాల్వరు చేతిలోనే చీలిపోతుంది.

ఈ .44 మాగ్నమ్ పుట్టుక వెనకా ఒక పశువుల రైతే ఉన్నాడు. ఐడాహోలో ఎల్మర్ కీత్ అని. ఇంట్లోనే బలమైన తూటాలు చేసుకునేవాడు. 1920లలో ఆయన చేతిలోనే ఒక .45 కోల్ట్ పేలి పైభాగం ఎగిరిపోయింది. అంతటి చెయ్యి తిరిగినోడు! ఆ తర్వాత గోడ మందం ఎక్కువుండే .44కి మారి, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. కంపెనీల వెంట పడగా పడగా, 1955 చివర్లో .44 మాగ్నమ్ రివాల్వరు బయటికొచ్చింది. అదే తూటాకి పిడి రైఫిళ్లు 1960లలో వచ్చాయి.

ఇప్పుడు మన సంగతి. మనం పురుగుమందు ఎలా పోస్తామో నాకు తెలుసు, నేనూ అదే బాపతు. డబ్బా మీద ఒక మూత అని ఉంటే ఇంకో మూత "బలానికి" పోస్తాం. చేను మాడితే వచ్చే ఏడు చూసుకుందాం అనుకోవచ్చు. తూటాలో ఆ రెండో మూతకి వచ్చే ఏడు ఉండదు. మా చిన్నప్పుడు నాటు తుపాకీలో మందు కూరి కొట్టిన ఒకాయన, ఎడమచేతి మూడు వేళ్లు లేకుండానే ఆఖరిదాకా నాగలి పట్టాడు. అన్నం మాత్రం కుడిచేత్తో తిన్నాను కదా అని నవ్వేవాడు పాపం.

పైగా లైసెన్సు లేకుండా తూటా చేయడం మనకి మామూలు నేరం కాదు. ఆయుధాల చట్టంలో 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ ఏడేళ్ల జైలు. పందిని కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఇవన్నీ తెలిసీ పిల్లలు వీడియోలు చూసి మందు కలుపుదామంటే, కరెంటు తీగ పెట్టి తానే దాని మీద పడ్డవాళ్లు గుర్తుకొస్తారు. మన మండలంలో అలాంటి ఇల్లు లేని ఊరు చెప్పండి.

మరి పందుల సంగతేంటి అంటారు. న్యాయమే. పంట రక్షణకి తుపాకీ లైసెన్సు రూల్సులో ఉంది. మేం నలుగురం అర్జీ పెట్టాం, ఆఫీసులో ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పరు. దానికోసం అందరం కలిసి తిరుగుదామంటే వస్తా, బండి పెట్రోలు నాది. మందు కొలత కోసమైతే రావద్దు.

అన్నట్టు, ఆ ముసలాయన గుర్తుగా ఒక ఖాళీ గొట్టం ఇచ్చాడు. అమ్మాయి దాన్ని సూట్‌కేసులోంచి తీసి బయట పడేసింది. విమానాశ్రయంలో ఖాళీదైనా కేసు పెడతారు నాన్నా అని. అందుకే మీకు ఫోటో ఒక్కటే పెట్టగలిగా.