షీట్ మ్యూజిక్ రాకపోతే పియానో రాదా?

పియానో మీద ఒక క్లాసికల్ పీసు నేర్చుకోవాలంటే షీట్ మ్యూజిక్ చదవడం వచ్చి తీరాలా? అక్కర్లేదని గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పటికీ నా మాట అదే. కాకపోతే నేను చెప్పే కారణం మారింది.

నేనెంచుకున్నది బీథోవెన్ 'ఫర్ ఎలీస్'. 1810లో రాసిన ఈ చిన్న పీసు ఆయన పోయిన నలభై ఏళ్ళకి, 1867లో గానీ అచ్చు కాలేదు. కార్ల రివర్స్ హారన్ల పుణ్యమా అని మనందరికీ తెలిసిన ట్యూనే :) రంగు పట్టీలు పైనుంచి కీల మీద పడే యూట్యూబ్ వీడియోలుంటాయి కదా, ఆఫీసు నుంచి రాగానే వాటిని సగం స్పీడులో పెట్టుకుని, పట్టీ పడ్డచోటల్లా వేలు పెట్టి, మూడు నెలల్లో మొదటి భాగం లాగించేశా. వచ్చేసిందనుకున్నా.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. చిన్నప్పుడు నాలుగేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. మహా ఉత్సాహంగా మొదలెట్టా. పక్కపక్కనున్న రెండు స్వరాలే అటూ ఇటూ ఊగి, మళ్ళీ మొదటి ట్యూన్‌లోకి దిగే చోటు ఒకటుంది. అక్కడ లెక్క తప్పి ఆగిపోయా. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నా, మళ్ళీ అక్కడే ఆగా. "పోన్లేరా, ఆ ముక్క నోటితో పాడు" అంది. నోరు పెగల్లేదు. మూడు నెలలు వాయించిన పాట నాకు పాడ్డం రాదు!

నేను చేసింది కాపీ పేస్ట్. అర్థం కాని కోడు తెచ్చి అతికిస్తే, నడిచినన్నాళ్ళు నడుస్తుంది. ఆగిపోయిన రోజు ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలీదు.

ఆ రాత్రి వీడియో కట్టేశాం. నేను కాస్త కాస్త ఆడియో వినిపించడం, అమ్మ పాడ్డం, నేనూ పాడి కీల మీద వెతుక్కోవడం. 'ఏ' కీని షడ్జమం అనుకుంటే ఎత్తుగడ ప మ ప మ ప రి మ గ స. మొదటి రెండూ ప్రతి మధ్యమాలు, మూడోది శుద్ధ మధ్యమం. ఆ ట్యూన్‌కి ఎడమచేతిలో ఉన్నవి 'ఏ మైనర్', 'ఈ మేజర్', రెండే కార్డులు. మూడు నెలలుగా నా వేళ్ళ కిందే ఉన్నాయి, నాకు తెలీదు. నేను తప్పిన చోట ఊగుతున్నవి కూడా ఆ పంచమం, ప్రతి మధ్యమాలే. పాడుకుంటూ వాయిస్తే లెక్కపెట్టే పనే లేదు. ఇప్పుడు తప్పినా మధ్యలోంచి అందుకోగలను.

మన సంగీతం తరతరాలుగా గురువు నోట విని నేర్చుకున్నదే. పుస్తకంలో స్వరాలు రాసుకున్నా అది గుర్తుకోసమే. అలాగని షీట్ మ్యూజిక్ దండగ అనను. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో రాసినాయన మాట అందులోనే ఉంటుంది. 'ఎఫ్ మేజర్'లో వచ్చే ఆ గబగబా నడిచే మధ్యభాగం నా చెవికి ఇంకా అందట్లేదు, దానికోసమైనా చదవడం నేర్చుకుంటానేమో. కానీ కాగితం వద్దనుకున్నవాడు చెవిని కూడా వదిలేస్తే మిగిలేది వేళ్ళ కసరత్తే.

మీరూ వీడియో చూసి ఏదైనా నేర్చుకుని ఉంటే, ఓసారి కళ్ళు మూసుకుని దాన్ని పాడి చూడండి. ఏమైందో నాకూ చెప్పండి.