హరిప్రియలో కింది బెర్తు

పుత్తూరు

అమ్మణ్ణీ,

మొన్న నువ్వు ఫోనులో అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాకీమధ్య సగం మాట చెవిన పడుతుంది, సగం పడదు. నువ్వే కాదు, నీ ఈడు పిల్లలంతా నన్నడిగేది ఇదే కాబట్టి, కాగితం మీద పెడితే నలుగురూ చదువుకుంటారని రాస్తున్నా. "ఈ వయసులో కొల్హాపూర్ దాకా ఎందుకు తాతా, మీ పాత పైల్వాన్లంతా వీడియో కాల్‌లో కలుసుకోండి, కాదంటే విమానం టికెట్టు నేను తీస్తా" అన్నావు. ఆ మాటలో ఉన్న ప్రేమ నాకు తెలుసు తల్లీ. కానీ టికెట్టు నేను తీసేసుకున్నా. తిరుపతిలో హరిప్రియ ఎక్స్‌ప్రెస్, కింది బెర్తు. రాత్రి ఎక్కితే కడప, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి, బెళగావి, మిరజ్ మీదుగా మర్నాడు సాయంత్రానికి దించుతుంది.

కొల్హాపూర్‌కూ మనకూ బంధుత్వం ఎక్కడిదంటావేమో. భృగుమహర్షి తన్నాడని అమ్మవారు అలిగి వెళ్లింది ఆ ఊరికే కదా. ఆమెను వెతుక్కుంటూ వచ్చిన స్వామి శేషాచలం చేరి, చివరకు మన పక్కనున్న నారాయణవనంలో పద్మావతమ్మను పెళ్లాడాడు. ఇప్పటికీ ఏటా దసరా నవరాత్రులకు తిరుమల దేవస్థానం నుంచి అక్కడి మహాలక్ష్మికి పట్టుచీర వెళుతుంది. అలిగిన ఇల్లాలికి చీర పంపడం మనవాళ్లు ఇంతకాలమైనా మానలేదు చూడు! ఆ వైపు నుంచి కొండకు వచ్చే జనంలో పైల్వాన్లూ ఉండేవాళ్లు. మొక్కు కొండ మీద తీర్చుకుని, విరిగిన ఎముక అతికించుకోవడానికి మన ఊరికి దిగేవాళ్లు. రాచపాళెంలో కేశవరాజు గారు 1881 ప్రాంతంలో మొదలుపెట్టారని చెప్పుకునే పుత్తూరు కట్టు పేరు అంత దూరం పాకింది మరి. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డపట్టీ, వీటితోపాటు ఎముక ఎక్కడ తప్పిందో వేలికొసతో పసిగట్టే చెయ్యి. ఇప్పుడు వచ్చేవాళ్లు ఎక్స్‌రే వెంట తెచ్చుకుంటున్నారు, అదీ మంచిదే.

అలా భుజం విరిగి వచ్చిన ఒక కొల్హాపూర్ కుర్రాడు మన ఇంట్లో ఉన్నాడు. నాకూ అతనికీ ఇంచుమించు ఒకే వయసు. నేనప్పటికి తిరునాళ్ల కుస్తీల్లో కొంచెం పేరు తెచ్చుకున్నవాణ్ణి, ఆ పరిచయంతో ఎవరో నా దగ్గరికి పంపారు. అతనికి తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. తనంతట తాను చొక్కా వేసుకోలేడు, అన్నం కలుపుకోలేడు. మీ అవ్వ రాగిసంగటి ముద్దలు చేసి పెడితే ఎడం చేత్తో తినేవాడు. కట్టు విప్పాక చెయ్యి పైకెత్తి చూపించి, ఎవరినీ అడక్కుండా పెరట్లోని నా గోదాలోకి దిగాడు. ఆ పూట నన్ను ఎన్నిసార్లు వెల్లకిలా వేశాడో చెప్పను, నీ దగ్గర పరువు పోతుంది. ఆ తరువాత నేను కొల్హాపూర్ వెళ్లాను. ఏ తాలీంఖానా గడప తొక్కినా, పుత్తూరు వస్తాదు అంటే చాలు, చాప పరిచి బాదం నూరిన తండాయి గ్లాసు చేతికిచ్చేవాళ్లు. గోచీ ఒకటి సంచీలో ఉంటే దేశమంతా మన ఇల్లే అన్నట్టుండేది.

ఆ కుర్రాడే ఇప్పుడు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించుకున్న ముసలాడు. పాతవాళ్లందరినీ పిలుస్తున్నది అతనే. ఖాస్‌బాగ్ మైదానం దగ్గర కలుస్తాం. శాహూ మహారాజు 1902లో ఇంగ్లండు వెళ్లినప్పుడు రోములోని పాత రంగస్థలం చూసి, అలాంటిది మన కుస్తీకి ఉండాలని కట్టించిన మైదానం అది, 1912లో పూర్తయింది. ఏ మూల కూర్చున్నా నడిమి ఎర్రమట్టి అడ్డం లేకుండా కనిపిస్తుంది. కుస్తీ అనగానే మనవాళ్లు కోడి రామమూర్తి నాయుడు గారి పేరు బాగానే తలుచుకుంటారు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆయన మొదట విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టరన్న సంగతి ఎందరికి గుర్తుంది? ఏనుగు గుర్తున్నంతగా పిల్లలు గుర్తుండరు.

నువ్వు జిమ్‌కు పోతున్నావు, చాలా సంతోషం. నువ్వు పంపిన వీడియోలో ఎత్తిన బరువు చూసి మీ అవ్వ ఫోనుకే దిష్టి తీసింది. అయితే ఆ గదిలో అంతమంది ఉన్నారు కదా, అందరూ చెవుల్లో పాటలు పెట్టుకుని అద్దంలోకి చూస్తున్నారు. నీ పక్కనున్న పిల్ల పేరేమిటని అడిగితే నీకు తెలియలేదు. తప్పుపట్టడం లేదు తల్లీ, ఆ చోటు అలా కట్టారు. మా గోదా వేరేలా ఉండేది. దిగగానే గుప్పెడు మట్టి తీసి ఎదుటివాడి భుజాల మీద చల్లేవాళ్లం, వాడు మన మీద చల్లేవాడు. మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం కలిపి మెత్తగా తవ్విన మట్టి. చూసేవాళ్లకు అదొక మర్యాద. అసలు సంగతేమంటే, చెమట పట్టిన ఒంటి మీద పట్టు నిలవదు. మట్టి చల్లడమంటే నన్ను పట్టుకోవడానికి నువ్వు వీలు చూసుకో, నిన్ను పట్టుకోవడానికి నేనూ చూసుకుంటానని ఒప్పుకోవడం. అలా ఒప్పుకున్నాకే కుస్తీ మొదలు. వాడికి ఏ మోకాలు నొప్పో, పొద్దున తిన్నాడో లేదో, వాడికంటే ముందు నా చేతులకు తెలిసేది. నొప్పి ఉన్న కాలు లాగితే గెలుపు సులువే, కానీ గట్టు మీది పెద్దలు ఆ గెలుపును లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు.

ఈ గట్టు సంగతి నీకు ప్రత్యేకం చెప్పాలి. ఖాశాబా జాధవ్ పేరు విన్నావా? 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీలో కంచు పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి ఒక మనిషి ఒంటరిగా గెలిచిన మొదటి ఒలింపిక్ పతకం అదే. కరాడ్ దగ్గర గోళేశ్వర్ అతని ఊరు, చదివింది కొల్హాపూర్ రాజారామ్ కాలేజీలో. ప్రయాణానికి డబ్బు చాలకపోతే ఆ కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డీకర్ గారు సొంత ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు చేతిలో పెట్టారు. ఎవరైనా అలా చేస్తారా, చెప్పు! జాధవ్ తిరిగొచ్చాక నూటికి పైగా ఎద్దుల బండ్లతో ఊరేగించారు. అతను మాత్రం కుస్తీలు పెట్టించి, ఆ సొమ్ముతో మాస్టారి ఇల్లు విడిపించాడు. హెల్సింకీలో ఒక సుదీర్ఘమైన కుస్తీ ముగిసీ ముగియగానే అతణ్ణి మళ్లీ దిగమన్నారట. నడుమ అరగంట విరామం ఇవ్వాలని నియమం ఉంది. అది అడగడానికి మనవాళ్లు ఎవరూ పక్కన లేరని చెబుతారు. అతను దిగాడు, ఓడాడు. నాకు ఆ పతకం కంటే ఆ ఓటమే ఎక్కువ గుర్తొస్తుంది. అంత బలం ఉన్న మనిషికి కావలసిందల్లా గట్టు మీద నిలబడి "ఆగండయ్యా, వాడిని ఊపిరి తీసుకోనివ్వండి" అనే గొంతు ఒక్కటి.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో నూరు గ్రాముల బరువు ఎక్కువని వినేశ్ ఫోగట్‌ను కుస్తీ ఫైనల్ నుంచి తప్పించిన రోజు నువ్వు ఫోనులో ఏడ్చావు. నేను నిన్ను ఓదారుస్తూనే మీ అమ్మ గురించి ఆలోచించాను. అది చిన్నప్పుడు రోజూ తెల్లారి గోదా గట్టు మీద కూర్చుని పట్లన్నీ చూపుతోనే నేర్చుకుంది. ఒకరోజు నేను తప్పుగా వేసిన పట్టును అక్కడి నుంచే దిద్దింది కూడా. ఆడపిల్లకు మట్టెందుకని నేనే దించలేదు. ఎవరూ అడ్డుపడలేదు తల్లీ, నేనే.

మీకెదురయ్యేది మట్టి కాదు, ఆఫీసులు, అప్పులు, పొద్దుపోని రాత్రులు. అవన్నీ మీరు గెలుస్తారు, ఆ నమ్మకం నాకుంది. నేను కోరేది ఒక్కటే, నువ్వు అలసిపోయిన సంగతి నీ కంటే ముందు తెలుసుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా నీ దగ్గర ఉండాలి. ఫోనులో మొహాలు కనిపిస్తాయి, కాదనను. నా కొల్హాపూర్ దోస్తు మొహం నాకు రోజూ కనిపిస్తూనే ఉంది, బాగున్నానంటాడు. బాగున్నాడో లేదో ఆ పాత విరిగిన భుజం మీద చెయ్యి వేస్తే గానీ నాకు తెలియదు. అందుకే రైలు.

సామాను సర్దేశాను. వాళ్లకు చిత్తూరు మామిడి తాండ్ర, అతని భుజానికి కట్టువాళ్ల నూనె సీసా, నాకు మందుల డబ్బా. మీ అవ్వ పులిహోర కడతానంది. హరిప్రియ హుబ్బళ్లికి పొద్దున చేరుతుంది, బెంగళూరు నుంచి అక్కడికి నీకు బండ్లు బోలెడు. సెలవు దొరుకుతుందేమో అడిగి చూడు, మీ అమ్మనూ అడుగు, తను వస్తానంటే నా కింది బెర్తు తనకిస్తా. వస్తే మాత్రం ధార్వాడ్‌లో పేడా పొట్లం కొనడం మరిచిపోవద్దు. నాకు షుగరని డాక్టరు చెప్పిన మాట ఆ ఒక్క పూటా మీ అవ్వకు గుర్తు చేయకు.

నిండు నూరేళ్లు చల్లగా వర్ధిల్లు.

నీ తాత