ఫార్మాటు మరమ్మతు కాదు

మా బాన్సువాడలో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే: ఫార్మాటు. శబ్దం రాకపోయినా ఫార్మాటే, ప్రింటరు పలకకపోయినా ఫార్మాటే. యంత్రంలో ఉన్నది లినక్సు అయితే ఆ మందుకు అనుపానంగా ఒక హితవచనం కూడా దొరుకుతుంది: "లినక్సుల డ్రైవర్లు ఉండవు సార్." ఈ మందు మీదా, ఈ హితవచనం మీదా నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఆ కోపం ఊరికే వచ్చింది కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2022లో జరిగిన సంగతి. మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు, మేమంతా సారు అని పిలుచుకునే పెద్దమనిషి, మనవరాలి చదువుకని ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నారు. అందులో లినక్సు ఎక్కించి ఇచ్చింది నేనే. అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప. నాతో చెప్పడానికి మొహమాటపడి ఆయన దాన్ని దుకాణానికి తీసుకువెళ్ళారు. సాయంత్రానికి మా గుమ్మం ముందు నిలబడి, "నీ లినక్సు వద్దట గదా. ఫార్మాట్ కొట్టి దొంగ విండోస్ ఎక్కిస్తనంటున్నడు. ఏం జెయ్యమంటవ్?" అన్నారు. జీవితమంతా పిల్లలకు కాపీ కొట్టవద్దని చెప్పిన మనిషి నోట ఆ దొంగ అన్న మాట ఎంత కష్టంగా వచ్చిందో నాకు తెలిసింది.

యంత్రాన్ని బల్ల మీద పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. చేసిందల్లా ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే నా వాదమంతా అందులోనే ఉంది.

కంప్యూటరులోని ప్రతి పీసీఐ పరికరానికీ రెండు గుర్తింపు సంఖ్యలుంటాయి. మొదటిది తయారీదారుది, రెండోది ఆ పరికరానిది. ఇంటెల్ సంస్థకు ఉన్న సంఖ్య 8086. అది 1978లో ఆ సంస్థే విడుదల చేసిన ప్రాసెసరు పేరు కూడా. ప్రతి డ్రైవరూ తాను నడపగల పరికరాల సంఖ్యల పట్టికను వెంటబెట్టుకుని ఉంటుంది. కెర్నెలు ఈ రెండింటినీ చూసి, సంబంధం కుదిర్చినట్టుగా జోడీ కలుపుతుంది. 'ఎల్‌ఎస్‌పీసీఐ' అనే ఆదేశానికి 'ఎన్ఎన్‌కే' అన్న మూడు అక్షరాలు తగిలిస్తే, ఏ పరికరానికి ఏ డ్రైవరు కుదిరిందో తెర మీద కనబడుతుంది. సారు యంత్రంలో వైఫై చిప్పుకు డ్రైవరు కుదిరే ఉంది! డ్రైవరు లేదన్న మాట ఆ ఒక్క పంక్తితో అబద్ధమైపోయింది.

తరువాత కెర్నెలు చిట్టా తెరిచాం. యంత్రం లేచిన క్షణం నుంచి కెర్నెలు తాను చూసిందంతా అందులో రాసుకుంటుంది. 'డీమెసేజ్' అంటే చాలు, చదువుకోవచ్చు. ఫర్మ్‌వేరు ఎక్కించడం విఫలమైంది, దోషసంఖ్య మైనస్ 2, అని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. ఫర్మ్‌వేరు అంటే చిప్పు తన లోపల తాను నడుపుకొనే చిన్న ప్రోగ్రాము. చాలా వైఫై చిప్పులకు అది శాశ్వతంగా ఉండదు. యంత్రాన్ని వెలిగించిన ప్రతిసారీ డ్రైవరే అందించాలి. మైనస్ 2 అంటే అడిగిన ఫైలు లేదని అర్థం. డ్రైవరు వచ్చింది, చేతిలో ఇవ్వవలసిన వస్తువు లేదు, అంతే. నేను ఎక్కించిన ప్రతిలో ఆ ఫైలు లేదు. అది చూసుకోకపోవడం నా తప్పు. సారు ఫోనును తీగతో తగిలించి దాని ద్వారా అంతర్జాలం తెచ్చుకున్నాం, ఫర్మ్‌వేరు ప్యాకేజీ దింపుకున్నాం, యంత్రాన్ని మళ్ళీ లేపాం. వైఫై వచ్చింది. పావుగంట పని.

ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. రోగమేమిటో యంత్రమే చెప్పింది. మరి ఫార్మాటు కొడితే ఏమయ్యేది? అదే ప్రతిని మళ్ళీ ఎక్కిస్తే అదే ఫైలు మళ్ళీ ఉండదు. పైగా చిట్టా కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఒకవేళ దైవవశాత్తూ బాగుపడినా, ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలియదు. ఇవాళ నా ఇంట్లో వచ్చిన చిక్కే రేపు ఎదురింట్లో వస్తే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఫార్మాటు వల్ల పోయేది డిస్కులోని ఫోటోలు మాత్రమే కాదు, ఊరికి దక్కవలసిన అనుభవం.

"ఇంట్లోవాళ్ళకు ఈ గొడవంతా ఎందుకండీ, వాళ్ళకు పని జరిగితే చాలు కదా" అని ఒక వాదన ఉంది. వాదించేవారు మా ఆయకట్టును ఒకసారి చూసి రావాలి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో బతికే నేల మాది. చివరి మడికి నీళ్ళు రాకపోతే ఇక్కడి రైతు వరి మంచిది కాదని పీకి పారేయడు. గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. పిల్లకాలువలో నీళ్ళున్నాయా? తూము తెరిచి ఉందా? ఉపకాలువలో వస్తున్నాయా? ఎక్కడ ఆగాయో తేలేదాకా నడుస్తాడు. పరికరం కనబడుతోందా, డ్రైవరు కుదిరిందా, ఫర్మ్‌వేరు ఎక్కిందా, వైఫై మీట ఎక్కడైనా మూసి ఉందా అని చూసుకోవడం ఆ నడకే. హైడ్రాలిక్ ఇంజనీరింగు చదవని రైతు చేయగలిగిన పనిని, డిగ్రీలున్న మనం చేయలేమనడం సిగ్గుచేటు.

లినక్సులో చిక్కులే లేవని నేననను. ఉన్నాయి. కొత్త చిప్పుకు పాత కెర్నెలులో డ్రైవరు ఉండదు. రియల్‌టెక్ 8821సీఈ అనే వైఫై చిప్పుకు కెర్నెలులోనే డ్రైవరు చేరింది 2020 అక్టోబరులో వచ్చిన 5.9తోనే. అంతకు ముందు బయటి డ్రైవరును ఎవరికి వారు కూర్చుకోవాలి. కెర్నెలు మారినప్పుడల్లా మళ్ళీ కూర్చుకోవాలి. సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని డ్రైవరని కెర్నెలే దాన్ని తోసిపుచ్చుతుంది. ఇదంతా బాధే. కాని ఈ బాధకు మూలం ఎక్కడుందో అక్కడే నింద వేయాలి కదా? చిప్పు ఎలా నడుస్తుందో చెప్పకుండా చిప్పును అమ్మేవారిది ఆ మూలం.

ఇది నిన్నటి జబ్బు కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీలో జిరాక్స్ ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే తెలియజేసేలా దాని సాఫ్టువేరును సవరిద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ మూలపాఠం అడిగితే ఇవ్వలేదు. స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమానికి బీజం ఆ ప్రింటరు దగ్గర పడింది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పుల వివరాలు బయటపెట్టనందువల్ల, వాటి నడకను గమనించి గమనించి రాసిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెలులో చేరింది. ఆ సంస్థ తానుగా డ్రైవరు మూలపాఠం విడుదల చేసింది 2010లో. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను అందరి ముందూ తిట్టిన తిట్టు లోకప్రసిద్ధం. ఆ సంస్థ తన కెర్నెలు మాడ్యూళ్ళను తెరిచింది 2022లో. తలుపులు తెరుచుకుంటాయి. కాని ఎవరో ఒకరు తట్టుతూనే ఉండాలి. "లినక్సు ఇంతే" అని ఫార్మాటు కొట్టుకునేవాడు ఏ తలుపూ తట్టడు.

మనవాళ్ళ తప్పూ చెప్పుకోవాలి. లినక్సు అభిమానుల్లో కొందరికి, చిక్కుతో వచ్చినవాణ్ణి "చదువుకుని రా" అని పంపేయడం గొప్ప. ఇంకొందరు అసలు చిక్కులే రావని ప్రచారం చేసి, వచ్చాక మొహం చాటేస్తారు. వైఫై లేనివాడు ఏ అంతర్జాలంలో చదువుకుంటాడు? ఇంగ్లీషు చిట్టా చూసి బెదిరినవాడికి ఆ పంక్తి అర్థం తెలుగులో చెప్పేవారెవరు? డెబియన్ వారు సిద్ధాంతానికి ఎంత కట్టుబడిన మనుషులైనా 2022లో ఓటు వేసుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేరును కూడా స్థాపక ప్రతిలో చేర్చారు. సిద్ధాంతం ఓడిందని కొందరు బాధపడ్డారు. గడపలోనే బోర్లాపడే కొత్తవాడికి చేయందించారని నేను సంతోషించాను.

ఇప్పుడీ మాట ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు కావాలి. అవి లేని కంప్యూటర్లు మన ఇళ్ళలో నిక్షేపంగా పనిచేస్తూనే ముసలివైపోయాయి. వాటికి తుక్కుదుకాణమో, లినక్సో గతి. డ్రైవర్ల సంగతి ఇక కొద్దిమంది పిచ్చివాళ్ళ వ్యవహారం కాదు.

కాబట్టి మిత్రులకు మూడు విన్నపాలు. ఫార్మాటుకు ముందు చిట్టాను ఒక పెన్‌డ్రైవులోకి ఎత్తి పెట్టండి. యంత్రం కొనేముందు పెన్‌డ్రైవు నుంచి లినక్సు నడిపి వైఫై, శబ్దం, నిద్రపుచ్చి లేపడం చూసుకోండి. మీరు విప్పిన ప్రతి చిక్కునూ, దోషవాక్యం ఉన్నదున్నట్టుగా ఇచ్చి, తెలుగులో రాసి పెట్టండి. మీరు పడ్డ తిప్పలు రెండో మనిషి పడనక్కర్లేదు.

అన్నట్టు, మొన్నామధ్య ఒక తాజాకరణ తరువాత సారు ల్యాప్‌టాప్‌లో శబ్దం పోయింది. ఈసారి ఆయన దుకాణానికి వెళ్ళలేదు. యంత్రం లేచేటప్పుడు వచ్చే జాబితాలోంచి పాత కెర్నెలును ఎంచుకుంటే శబ్దం వచ్చిందట. రెండు కెర్నెళ్ళ సంఖ్యలూ, చిట్టాలోని ఎర్ర పంక్తీ నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకుని మా ఇంటికి వచ్చారు. "కొత్తదాంట్ల ఏదో తప్పున్నది. ఎవరికి రాయాలె?" అని అడిగారు.

ఇద్దరం కూర్చుని రాశాం.