అరిగిన టైర్లపై అద్దె ప్రయాణాలు

వేసవి వచ్చిందంటే పల్నాడు పల్లెల్లో పెళ్లిళ్లు, మొక్కులు, తిరుపతి ప్రయాణాలు మొదలవుతాయి. అద్దె కార్లకు గిరాకీ పెరుగుతుంది. కిరాయి బేరమాడేవారే గాని, కారు టైర్లు ఎలా ఉన్నాయో వంగి చూసేవారు అరుదు. రెంటచింతల ఎండల సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఎండలో కాగిన రోడ్డుపై ఇంటిల్లిపాదినీ మోసేది ఆ నాలుగు టైర్లే.

టైరు పేలడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. గాలి తక్కువైతే టైరు పక్కభాగం నలిగి లోపల వేడి పుడుతుంది. అయిదుగురి కారులో ఎనిమిది మంది ఎక్కితే ఆ వేడి మరింత పెరుగుతుంది. ఇక అరిగిన టైరు వానలో నీటిని పక్కకు నెట్టలేదు. బ్రేకు వేసినా బండి జారిపోతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆటోలకు, మోటారు సైకిళ్లకు ఇది 0.8 మిల్లీమీటర్లు. గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమమైతే దాని ఆయువు తీరినట్లే.

నిబంధన ఉన్నా తనిఖీకీ తనిఖీకీ మధ్య వ్యవధి ఎక్కువ. అద్దె వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి. నిత్యం తిరిగే బండి టైరు ఈలోగానే అరిగిపోవచ్చు. మహారాష్ట్రలో 2023లో సమృద్ధి రహదారిపైకి వచ్చే వాహనాల టైర్లను అధికారులు పరీక్షించి, అరిగినవాటిని వెనక్కి పంపారు. వేసవి రద్దీలో ఇక్కడా అలాంటి తనిఖీలు అవసరం.

కొత్త టైర్లంటే వేల రూపాయల ఖర్చు. కిరాయిలు అంతంత మాత్రమైన యజమానికి అది భారమే. అయితే ఉన్న టైర్లను ఎక్కువ కాలం నడిపించుకునే మార్గం ఉంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్లు, నడుమ అరిగితే ఎక్కువైనట్లు. ఒక అంచే అరిగితే చక్రాల ఎలైన్‌మెంట్ తప్పినట్లు. బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు వద్ద రాసి ఉంటుంది. సుమారు 10 వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనుకవి ముందుకు మార్చుకోవాలి.

నాడాలు అరిగిన ఎడ్లను రైతు దూరప్రయాణానికి బండికి కట్టడు. కారు విషయంలోనూ ఆ జాగ్రత్తే కావాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ప్రయాణికుడు టైర్లు చూసి, అరిగితే వద్దంటే, యజమానులూ దారికి వస్తారు.