మందు పూత బెలూనుకు చోటుంది, ప్రతిచోటా కాదు

కొన్ని వారాల క్రిందట ధర్మవరం నుండి ఒక నేత కార్మికుడు కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. చేతిలో యాంజియోగ్రాం సీడీ, బెంగళూరులోని ఒక ఆసుపత్రి వ్రాసి యిచ్చిన ఖర్చు అంచనా ఉన్నాయి. "స్టెంటు అక్కరలేదంట సార్, మందు బెలూనుతోనే అయిపోతుందంట, గుండెలో ఇనుము మిగలదంట. ఇంటి మీద అప్పు తెమ్మంటారా?" అని కుమారుడు అడిగాడు.

హిందూపురం, పెనుకొండ వైపు నుండి వచ్చేవారి నోటా ఈ మాట వింటున్నాను. పాఠకులారా, ఆ బెలూనుతో నాకు వైరం లేదు. దానిని ఒక నినాదంగా మార్చి అమ్ముతున్నవారితోనే నా తగవు.

1977లో జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తొలిసారి హృద్ధమనిని బెలూనుతో వెడల్పు చేశారు. వెడల్పయిన ధమని కొందరిలో మరల ముడుచుకుపోయేది. అందుకే 1986 నుండి లోహపు జాలీ, అనగా స్టెంటు వచ్చింది. దాని లోపల కణజాలం పెరిగి ధమని తిరిగి సన్నబడుతుండగా, ఆ పెరుగుదలను అణచే మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. మందు పూత బెలూను ఆ వరుసలోనిదే. మొదట మామూలు బెలూనుతో దారి చేస్తారు. తరువాత పాక్లిటాక్సెల్ గాని సిరోలిమస్ గాని పూసిన బెలూనును అర నిమిషం నుండి ఒక నిమిషం వరకు ధమని గోడకు ఆనించి ఉంచి, మందు గోడలోనికి ఇంకిన పిమ్మట వెనుకకు తీసివేస్తారు. ధమని గోడ చీలినా, తిరిగి ముడుచుకున్నా అప్పటికప్పుడు స్టెంటు వేయక తప్పదు. "స్టెంటు లేని చికిత్స" అని చెప్పేవారు ఈ చివరి వాక్యాన్ని మింగేస్తారు.

ఇది నిజముగా మేలు చేసే చోట్లున్నాయి. పాత స్టెంటు లోపల మరల పూడినపుడు లోహం మీద లోహం వేయకుండా ఇది ఆదుకొంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హృద్ధమనులకు తొలి మందు పూత బెలూనును అనుమతించింది కూడా ఈ పనికే. మధుమేహులలో తరచు కనిపించే సన్నని ధమనుల విషయంలో, 758 మందిపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో ఇది స్టెంటుకు తీసిపోలేదు. రక్తస్రావ భయం ఉండి, రెండు రక్తపు పలుచన మందులను ఎక్కువ కాలం వాడలేనివారికి కూడా ఉపయుక్తమే.

మరి వెడల్పయిన ధమనుల మాటేమిటి? చైనాలో 2,272 మందిపై చేసిన పరిశోధన 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో ధమనుల పరిమాణంతో నిమిత్తం లేకుండా, చిక్కులు లేని కొత్త పూడికలనే ఎంచుకొన్నారు. రెండేళ్ళలో గుండె మరణం, ఆ ధమని వలన గుండెపోటు, అదే చోట మరల చికిత్స, ఈ మూడూ కలిపి లెక్కిస్తే బెలూను వర్గంలో 6.4 శాతం, స్టెంటు వర్గంలో 3.4 శాతం. మన నేత కార్మికుని పూడిక వెడల్పయిన ధమనిలోనే ఉంది. ఆ అంకెలు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక 'ఇనుము' భయం. మోకాలికి లోహపు కీలు వేయించుకొంటాము, పంటికి తొడుగు పెట్టించుకొంటాము, గుండెలోని జాలీకి మాత్రం జడుస్తాము! ఆ జడుపును పోగొట్టవలసిన వైద్యుడే దానిని పెట్టుబడిగా చేసుకొనుట నాకు సిగ్గుగా ఉన్నది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు స్టెంటు ధరను 29,600 రూపాయలకు, పన్నులు కాక, పరిమితం చేసింది. ఆ కళ్ళెం స్టెంటుకు వేసినదే గాని బెలూనుకు వేసినది కాదు. నినాదం ఎక్కడ పుట్టిందో మీరే ఊహించండి.

అసలు ఆయనకు వెంటనే ఏ ప్రక్రియా అవసరం లేదు. నెలల తరబడి మెట్లెక్కినపుడే నొప్పి, కూర్చుంటే పోతుంది. గుండె కండరం బలంగా ఉంది. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక లేదు. ఇటువంటి నిలకడ రోగులు 5,179 మందిపై జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా పరిశోధనలో, మందులకు తోడు ముందుగానే స్టెంటో బైపాసో చేసినందువలన మరణాలు తగ్గలేదు; నొప్పి మాత్రం కొందరికి తగ్గింది. ఆయన స్టాటిన్ వాడలేదు, నొప్పిని అదుపు చేసే మాత్రలు వాడలేదు, బీడీ మానలేదు. మందులకు లొంగకపోతే స్టెంటుకు అప్పు చేయనక్కరలేదు. 1991 నుండి ఉచితంగా గుండె చికిత్స చేస్తున్న ఆసుపత్రి పక్కనే పుట్టపర్తిలో ఉంది.

గుండెపోటు సంగతి పూర్తిగా వేరు. ఛాతీ బిగబట్టి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో ప్రాకితే బెలూనా స్టెంటా అని బెంగళూరు దారి వెదకకండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ముందు అక్కడికి వెళ్ళి ఇ.సి.జి. తీయించుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

నిలకడ రోగులు మాత్రం ఏ కాగితం మీదా సంతకం చేయకముందు అడగండి: నా ధమని వెడల్పు ఎంత? ఇది కొత్త పూడికా, పాత స్టెంటులోనిదా? మందులతో ఆగితే నాకు వచ్చే నష్టమేమి? జవాబు చెప్పడానికి విసుగు చూపిన చోట చికిత్స చేయించుకోకండి.

నిన్న ఆ కుమారునికి ఫోను చేశాను. మాత్రలు వాడుతున్నారట, మెట్లెక్కితే నొప్పి తగ్గిందట. బీడీలు రోజుకు రెండుకు దిగాయట. ఆ రెండింటి కోసం ఆయనతో మరొకసారి పోట్లాడాలి.